పల్మనరీ హైపర్‌టెన్షన్ మందులు: నాలుగు దారులున్నాయి, ఎవరికి ఏది?

రిపోర్ట్‌లో పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అని ఉంటుంది, చీటీలో ఒకటి కాదు రెండు మందులు ఉంటాయి, ఇంటికొచ్చి పేర్లు కొట్టి చూస్తే అందులో ఒకటి వయాగ్రా అని వస్తుంది. ఇక ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. అదే మందు, నిజమే, డాక్టర్ పొరపాటు కాదు, ఆ కథ కింద చెప్తా. కానీ అసలు డౌట్లు వేరే ఉంటాయి కదా, ఇన్ని మందులుంటే ఇవే ఎందుకు రాశారు, ఆ ఇంకోటి ఎందుకు రాయలేదు, కొత్త ఇంజెక్షన్ ఏదో బాగా పనిచేస్తుందంట అడగాలా వద్దా.

నేను ఫార్మసీ స్టూడెంట్స్‌కి ఫార్మకాలజీ చెప్తాను, వైద్యం చేసే డాక్టర్‌ని కాదు, ఇది ముందే చెప్పేస్తున్నా. ఇన్నేళ్ళు ఈ చాప్టర్ చెప్పాక నాకు తెలిసొచ్చిందేంటంటే, "ఏ దారి బెస్ట్" అనే ప్రశ్నలోనే తిరకాసు ఉంది. దారి అంటే ఇక్కడ మందు ఒంట్లో ఏ సిగ్నల్ మీద పనిచేస్తుందో అది. ఏయే దారుల మీద మందు పెట్టాలనేది చాలావరకు జబ్బు తీవ్రతే తేల్చేస్తుంది, అది డాక్టర్ పని. ఆ దారిలో ఏ బండి ఎక్కాలి అనేది మాత్రం మీ ఇల్లు, మీ ఉద్యోగం, మీ లివర్, పిల్లలు కావాలా వద్దా, రోజుకి మూడుసార్లు గుర్తుపెట్టుకుని మాత్ర వేసుకోగలరా, వీటిమీద ఉంటుంది. మనం నోరు తెరిచి మాట్లాడాల్సింది అక్కడ.

ముందు ఏ గ్రూపో తేల్చుకోండి, తర్వాతే మందుల గోల

పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటే ఒక్క జబ్బు కాదు. గుండె కుడివైపుకి క్యాథెటర్ (సన్న గొట్టం) పంపి కొలిస్తే ఊపిరితిత్తుల ధమనిలో సగటు ప్రెషర్ 20 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాటితే ఆ పేరు పెడతారు (2022 యూరప్ గైడ్‌లైన్స్ కూడా ఇదే లెక్క తీసుకున్నాయి, అంతకుముందు 25 ఉండేది). కానీ ప్రెషర్ ఎందుకు పెరిగింది అనేదాన్ని బట్టి ఐదు గ్రూపులు. రక్తనాళాల గోడలే చెడిపోతే గ్రూప్ 1 (రిపోర్ట్‌లో పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అని రాసేది దీన్నే), గుండె ఎడమవైపు జబ్బు వల్ల అయితే 2, ఊపిరితిత్తుల జబ్బు వల్ల అయితే 3, పాత రక్తపు గడ్డలు కరగకుండా గట్టిపడి అడ్డం పడితే 4, మిగతావన్నీ 5.

కింద చెప్పే దారులు దాదాపు అన్నీ గ్రూప్ 1 కోసమే. ఇది చాలామంది దాటేస్తారు. వేరే గ్రూప్ వాళ్ళు అదే మందు వాడితే ఉపయోగం లేకపోవడమే కాదు, నష్టం కూడా జరగొచ్చు. ఊపిరితిత్తులు మచ్చలు కట్టిపోయే ఒక రకం జబ్బులో వచ్చే పల్మనరీ హైపర్‌టెన్షన్‌కి రియోసిగువాట్ అనే మందు (ఈ మందుల సంగతి కింద వస్తుంది) ఇచ్చి చూసిన ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు, మందు తీసుకున్నవాళ్ళ పరిస్థితే బాలేదు కాబట్టి. యాంబ్రిసెంటాన్‌ది కూడా ఆ జబ్బులో ఇంచుమించు అదే కథ. అదే జబ్బుకి పీల్చే ట్రెప్రోస్టినిల్ మాత్రం పనికొచ్చింది, 2021లో అమెరికాలో పర్మిషన్ కూడా వచ్చింది. గ్రూప్ 4 అయితే ముందు ఆపరేషన్ చేసి గడ్డలు తీయగలరా అని చూడాలి, కుదరకపోతే బెలూన్‌తో నాళం తెరవడం, రియోసిగువాట్. కాబట్టి "మా చుట్టానికి ఇది పనిచేసింది" అని ఎవరైనా అంటే ముందు వాళ్ళది ఏ గ్రూపో అడగండి.

దేన్ని బట్టి పోల్చాలి

నేను క్లాసులో ఐదు చెప్తా. ఒకటి, మందు నాళాన్ని వదులు మాత్రమే చేస్తుందా, లేక మందంగా పెరిగిపోయిన గోడ జోలికి కూడా వెళ్తుందా. రెండు, రుజువు ఏ రకంది, ఆరు నిమిషాల్లో నాలుగడుగులు ఎక్కువ నడిచారు అనేనా, ఆసుపత్రిలో చేరడం, చావు తగ్గాయా. మూడు, ఒంట్లోకి ఎలా వెళ్తుంది, మాత్రా, పీల్చేదా, పంపా, ఇంజెక్షనా. నాలుగు, దేనితో గొడవ పడుతుంది, వేరే మందులు, లివర్, రక్తం, గర్భం. ఐదోది ఎవరూ అడగరు, ఒక పూట తప్పితే ఏమవుతుంది. నాకైతే ఈ ఐదోదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకో ప్రోస్టాసైక్లిన్ దగ్గర తెలుస్తుంది.

నైట్రిక్ ఆక్సైడ్ దారి

దీనిమీద కాస్త ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే ఇక్కడ రెండు మందులు ఒకే దారిలో ఉండి కూడా ఒకేలా పనిచేయవు, ఆ తేడా అర్థమైతే మిగతా చాప్టర్ అంతా తేలికైపోతుంది.

నాళం లోపలి పొరని ఎండోథీలియం అంటాం. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ తయారుచేస్తుంది, అది పక్కనున్న కండరంలోకి వెళ్ళి ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, ఆ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీ తయారుచేస్తుంది, దాంతో కండరం వదులవుతుంది. తర్వాత పీడీఈ5 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ సైక్లిక్ జీఎంపీని తినేస్తుంది. ఊపిరితిత్తుల నాళాల్లో ఈ పీడీఈ5 బాగా ఉంటుంది. సిల్డెనాఫిల్, టడలాఫిల్ చేసే పని దాని నోరు మూయించడం. సిల్డెనాఫిల్‌ని మొదట గుండెనొప్పి కోసం పరీక్షించారు, మగవాళ్ళ సమస్యకి 1998లో వయాగ్రాగా వచ్చింది, 2005లో ఈ జబ్బుకి 20 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు అని ఒప్పుకున్నారు. వయాగ్రా కథ ఇంతే, ఇంట్లో కంగారు పడకండి.

ఇప్పుడు మా ల్యాబ్ సంగతి. ఎలుక పల్మనరీ ఆర్టరీని చిన్న రింగులా కోసి, రెండు సన్న తీగల మధ్య బిగించి, వెచ్చటి ద్రావణంలో వేలాడదీస్తాం, అది ఎంత బిగుస్తుందో గీతగా పడుతుంది. ముందు ఫినైల్‌ఎఫ్రిన్ వేసి బిగించి, తర్వాత ఎసిటైల్‌కోలిన్ (లోపలి పొర చేత ఆ గ్యాస్ తయారుచేయించేది) వేస్తే గీత మెల్లగా కిందికి జారాలి. ఒకసారి ఓ బ్యాచ్‌లో తీగ గుచ్చేటప్పుడు ఒక అబ్బాయి చెయ్యి వణికి లోపలి పొర గీరుకుపోయింది. ఎసిటైల్‌కోలిన్ వేశాం, గీత కదల్లేదు, ఇంకాస్త వేశాం, ఊహూ. ఆ అబ్బాయి రింగు చచ్చిపోయిందని పారేయబోతే ఆగమని సోడియం నైట్రోప్రుసైడ్ (పొరతో పనిలేకుండా తానే ఆ గ్యాస్ ఇచ్చేది) ఒక చుక్క వేయించా, గీత జారుడుబండ మీద నుంచి జారినట్టు కిందికి వచ్చేసింది. కండరం బాగానే ఉంది, గ్యాస్ తయారుచేసే పొరే పోయింది. 1980లో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కుందేలు ధమనితో చూపించింది ఇదే, 1998లో నోబెల్ వచ్చిందీ ఈ దారికే.

ఈ జబ్బులో పేషెంట్ నాళాల్లో కూడా ఆ పొర దెబ్బతినే ఉంటుంది. సిల్డెనాఫిల్ అనేది కుండకి ఉన్న చిల్లు మూయడం లాంటిది, మరి కుండలో నీళ్ళు పోసేవాళ్ళే లేకపోతే చిల్లు మూసి ఏం లాభం? రియోసిగువాట్ అలా కాదు, నైట్రిక్ ఆక్సైడ్ కొంచెమే ఉన్నా, అసలు లేకపోయినా కూడా, సైక్లిక్ జీఎంపీ తయారుచేసే ఎంజైమ్‌ని నేరుగా తట్టి లేపుతుంది. 2013లో వచ్చింది. అయితే అందరికీ రియోసిగువాట్ ఇచ్చేయొచ్చుగా అంటారు స్టూడెంట్స్, కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ బీపీ పడిపోవడం ఎక్కువ, రోజుకి మూడుసార్లు, డోసు మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాలి, గర్భంతో ఉన్నవాళ్ళకి అసలు కూడదు, సిగరెట్ తాగేవాళ్ళలో రక్తంలో మందు సగానికి పైగా పడిపోతుంది. టడలాఫిల్ అయితే 40 మిల్లీగ్రాములు రోజుకి ఒక్కసారి, అంతే. అందుకే చాలామందికి మొదట ఇదే రాస్తారు, సరిపోనప్పుడు రియోసిగువాట్‌కి మారుస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: రియోసిగువాట్‌తో పాటు సిల్డెనాఫిల్ గానీ టడలాఫిల్ గానీ కలపకూడదు, గుండెనొప్పికి వాడే నైట్రేట్ మందులు ఈ మూడింటిలో దేనితోనూ కలపకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఏం వాడుతున్నారో చెప్పండి.

ఎండోథెలిన్ దారి

1988లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఎండోథెలిన్-1 నాళాలని గట్టిగా బిగించేస్తుంది, గోడలోని కణాలు పెరిగేలా కూడా చేస్తుంది. దాని రిసెప్టర్లని (కణాల మీద ఆ సిగ్నల్‌ని అందుకునేవి) అడ్డుకునే మాత్రలు ఇవి. బోసెంటాన్ 2001లో, యాంబ్రిసెంటాన్ 2007లో, మాసిటెంటాన్ 2013లో వచ్చాయి. మధ్యలో సిటాక్సెంటాన్ అని ఇంకోటి ఉండేది, లివర్ చావుల వల్ల 2010లో వెనక్కి తీసుకున్నారు, అప్పటి నుంచి ఈ కుటుంబం మీద లివర్ అనుమానం ఒకటి ఉండిపోయింది.

ఈ మూడింట్లో ఎంచుకోవడం నిజానికి కష్టం కాదు. లివర్ బాలేనివాళ్ళకి బోసెంటాన్ వద్దు, వాడేవాళ్ళకి లివర్ టెస్ట్‌లు తప్పవు. పైగా ఇది సిల్డెనాఫిల్‌ని ఒంట్లోంచి తొందరగా పంపించేస్తుంది, రక్తంలో దాని మోతాదు సగానికి పైగా తగ్గుతుంది. గర్భనిరోధక మాత్రల బలాన్ని కూడా తగ్గించేస్తుంది, ఇది ఎందుకంత ముఖ్యమో కింది పేరాలో తెలుస్తుంది. యాంబ్రిసెంటాన్ కాళ్ళ వాపులు తెస్తుంది, మాసిటెంటాన్ రక్తం తగ్గిస్తుంది. రెండూ రోజుకి ఒక్కసారే. మాసిటెంటాన్‌కి 742 మందితో పెద్ద ట్రయల్ ఉంది, 10 మిల్లీగ్రాముల డోసుతో జబ్బు ముదరడం, చావు కలిపి లెక్కేస్తే 45 శాతం తగ్గాయి, ఎక్కువభాగం జబ్బు ముదరకుండా ఆపడం వల్ల.

ఈ దారి మందులన్నీ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. అసలు ఈ జబ్బులో గర్భమే తల్లి ప్రాణం మీదకి తెస్తుంది, దానికి తోడు ఈ మందు. చిన్న వయసు ఆడవాళ్ళకి ఇది రాసినప్పుడు ఆ మాట డాక్టర్ ఎత్తకపోతే మీరే ఎత్తండి, మొహమాటం వద్దు.

ప్రోస్టాసైక్లిన్ దారి: అన్నిటికన్నా బలం, అన్నిటికన్నా చాకిరీ

1976లో కనిపెట్టిన ప్రోస్టాసైక్లిన్ నాళాల్ని వదులు చేస్తుంది, ప్లేట్‌లెట్లు గడ్డకట్టకుండా చూస్తుంది. దీన్ని మందుగా చేసిన ఎపోప్రోస్టెనాల్ 1995లో వచ్చింది. 1996లో బయటికొచ్చిన ట్రయల్‌లో 81 మంది ఉన్నారు, 12 వారాలు. ఆ 12 వారాల్లో 8 మంది చనిపోయారు, ఎనిమిది మందీ మందు ఇవ్వని వైపు వాళ్ళే. ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతులో ఏదో పడుతుంది. ప్రెషర్ బాగా ముదిరి, గుండె కుడివైపు అలిసిపోయినవాళ్ళకి ఇప్పటికీ ముందు ఇదే గుర్తొస్తుంది.

మరి అందరికీ ఎందుకివ్వరు? ఒంట్లో అది నిలిచేది నిమిషాల లెక్క. కాబట్టి మెడ కింద పెద్ద సిరలోకి శాశ్వతంగా ఒక గొట్టం, దానికి 24 గంటలూ తిరిగే పంపు. ఇంట్లోనే పౌడర్ కలపాలి, చేతులు కడుక్కుని, గాలి బుడగ లేకుండా క్యాసెట్ నింపాలి. పంపు ఆగితే, గొట్టం మెలిక పడితే, లైన్ ఊడిపోతే అది ఎమర్జెన్సీ, రేపు పొద్దున చూద్దాం అనేది ఉండదు. గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ వస్తే అది నేరుగా రక్తంలోకి. ఇంట్లో కనీసం ఇద్దరికి పంపు మీద చెయ్యి తిరగాలి, ఒక్కరే ఉన్నవాళ్ళకి ఇది చాలా కష్టం, నేనైతే ఈ విషయం డోసు కన్నా ముందు మాట్లాడాలంటా.

ట్రెప్రోస్టినిల్ గంటల లెక్కన నిలుస్తుంది, దాంతో కాస్త ఊపిరి. చర్మం కింద చిన్న పంపుతో, సిరలోకి, పీల్చేదిగా, మాత్రగా అన్ని రకాల్లోనూ ఉంది. చర్మం కింద పెడితే మాత్రం సూది ఉన్న చోట నొప్పి ఎక్కువమందికి వస్తుంది, కొందరు ఆ నొప్పికే మానేస్తారు. ఐలోప్రోస్ట్ పీల్చేది, రోజుకి 6 నుంచి 9 సార్లు, ఉద్యోగం చేసుకునేవాళ్ళు ఆ లెక్క ఒకసారి ఊహించుకోండి.

సెలెక్సిపాగ్ 2015లో వచ్చింది. ప్రోస్టాసైక్లిన్ రిసెప్టర్‌ని తట్టే మాత్ర, 200 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి ఒళ్ళు తట్టుకున్నంత వరకు, ఎక్కువలో ఎక్కువ 1600 దాకా, రోజుకి రెండుసార్లు. 1156 మంది ఉన్న ట్రయల్‌లో ముదరడం, ఆసుపత్రి పాలవడం లాంటివి కలిపి 40 శాతం తగ్గాయి, చావుల్లో మాత్రం తేడా తేలలేదు. తలనొప్పి, విరోచనాలు, మొదటి ముద్ద నమిలేటప్పుడు దవడ పట్టేయడం ఉంటాయి. మూడు రోజులు, ఆపైన మానేస్తే పాత డోసు మీద మళ్ళీ ఎక్కేయకూడదు, కిందినుంచి మెల్లగా రావాలి. మాత్ర కాబట్టి పంపుకి బదులు అనుకుంటారు, బాగా ముదిరినవాళ్ళకి అలా కాదు.

నాలుగో దారి, కొత్తది

పై మూడూ ప్రధానంగా నాళాన్ని వదులు చేసేవే. గోడ ఎందుకు మందమైంది అనే ప్రశ్నకి 2000లో ఒక పెద్ద ఆధారం దొరికింది, బీఎంపీఆర్2 అనే జీన్. కుటుంబాల్లో వచ్చే రకంలో ఎక్కువమందిలో ఇది చెడిపోయి ఉంటుంది. మామూలుగా ఇది కణాలకి "ఇక చాలు, పెరగకు" అని చెప్పే వైపు, దానికి ఎదురు వైపు యాక్టివిన్ సిగ్నల్ "పెరుగు" అంటుంది. ఒక పళ్ళెం తేలికైతే త్రాసు రెండో వైపు ఒరిగినట్టే. సోటాటర్సెప్ట్ ఆ యాక్టివిన్‌ని దారిలోనే పట్టేసుకుని త్రాసుని కొంత సరిచేస్తుంది. 2024 మార్చిలో అమెరికాలో ఒప్పుకున్నారు, మూడు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్.

323 మంది ట్రయల్‌లో 24 వారాలకి ఆరు నిమిషాల నడక డమ్మీ మందుకన్నా 40.8 మీటర్లు ఎక్కువ, అదీ అప్పటికే పాత మందులు వాడుతున్నవాళ్ళలో. తర్వాత బాగా ముదిరిన 172 మందిలో చేసిన దాంట్లో చావు, ఊపిరితిత్తుల మార్పిడి, ఆసుపత్రిలో చేరడం కలిపితే 76 శాతం తగ్గాయి, ఫలితం అంత స్పష్టంగా ఉండేసరికి ట్రయల్ ముందే ఆపేశారు.

ఇది చదివి పాత మందులు మానేసి ఇదొక్కటే వాడదాం అనుకునేరు, వద్దు, రుజువంతా పాత వాటి మీద అదనంగా ఇచ్చినప్పటిదే. హిమోగ్లోబిన్ పెరిగిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ముక్కు నుంచి రక్తం, చర్మం మీద ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి, మొదటి ఐదు డోసుల ముందు ప్రతిసారీ రక్తం చూడాలి. పంపు పెట్టుకుని ప్లేట్‌లెట్లు ముందే తక్కువగా ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త.

| దారి | ముఖ్యమైన మందులు | ఎలా తీసుకోవాలి | ఎక్కువ ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|
| నైట్రిక్ ఆక్సైడ్ | సిల్డెనాఫిల్, టడలాఫిల్, రియోసిగువాట్ | మాత్ర, రోజుకి 1 లేదా 3 సార్లు | నైట్రేట్‌లతో కలిస్తే బీపీ, రియోసిగువాట్‌కి గర్భం |
| ఎండోథెలిన్ | బోసెంటాన్, యాంబ్రిసెంటాన్, మాసిటెంటాన్ | మాత్ర, రోజుకి 1 లేదా 2 సార్లు | గర్భం, లివర్, వాపులు, రక్తం తగ్గడం |
| ప్రోస్టాసైక్లిన్ | ఎపోప్రోస్టెనాల్, ట్రెప్రోస్టినిల్, ఐలోప్రోస్ట్, సెలెక్సిపాగ్ | పంపు, పీల్చడం, మాత్ర | హఠాత్తుగా ఆగితే ప్రమాదం, ఇన్ఫెక్షన్, నొప్పి |
| యాక్టివిన్ | సోటాటర్సెప్ట్ | 3 వారాలకోసారి ఇంజెక్షన్ | హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తస్రావం |

మరి ఎవరికి ఏది

కొత్తగా తేలినవాళ్ళు, పరిస్థితి మరీ ముదరనివాళ్ళు అయితే ఒక దారి సరిపోతుందా రెండా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, 2015లో 500 మందితో చేసిన ట్రయల్‌లో యాంబ్రిసెంటాన్, టడలాఫిల్ రెండూ మొదటి రోజు నుంచే కలిపి ఇస్తే, ఒక్కటే ఇచ్చిన దానికన్నా పరిస్థితి దిగజారడం సగానికి తగ్గింది. చీటీలో రెండు ఉండడానికి కారణం ఇదే, డాక్టర్ తేల్చుకోలేక కాదు. గుండె, లివర్ జబ్బులు కూడా ఉన్న పెద్ద వయసు వాళ్ళకి మాత్రం ఒక్కదానితోనే మొదలుపెట్టడం మామూలే.

నడవలేక, కళ్ళు తిరిగి పడిపోతూ, కాళ్ళు ఉబ్బి వచ్చినవాళ్ళకి పంపు గురించి చెప్తే చాలామంది "అది ఆఖరిది కదా, మాత్రలతో చూద్దాం" అంటారు. ఇది తిరగేసి ఆలోచించడం. పంపు ఆఖరి మెట్టు కాదు, గుండె కుడివైపు ఇంకా కోలుకోగలిగినప్పుడే మొదలుపెట్టాల్సింది, మొండికేసి ఆర్నెల్లు పోగొట్టుకోకండి.

ఇంకో చిన్న గుంపు ఉంది. క్యాథెటర్ పెట్టినప్పుడే నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించి చూస్తారు, ప్రెషర్ కనీసం 10 తగ్గి 40 కి గానీ ఆ కిందికి గానీ వచ్చి, గుండె పంపే రక్తం తగ్గకుండా ఉంటే, మామూలు బీపీకి వాడే పాత కాల్షియం చానల్ బ్లాకర్లే పెద్ద డోసులో సరిపోవచ్చు. ఇలా స్పందించేవాళ్ళు తక్కువే, కానీ ఉన్నవాళ్ళకి చాలా తేలికైన దారి, కాబట్టి ఆ టెస్ట్ చేశారా అని అడగండి. టెస్ట్ చేయకుండా ఈ మందు ఇవ్వడం మాత్రం ప్రమాదం.

సన్న సిరలు కూడా మూసుకుపోయే అరుదైన రకం ఒకటుంది, అందులో నాళాలు వదులు చేసే ఏ మందైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేయొచ్చు. మందు మొదలుపెట్టాక ఆయాసం తగ్గాల్సింది పోయి హఠాత్తుగా పెరిగితే అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా వెంటనే చెప్పాలి.

ప్రాజెక్ట్ కోసం దారి వెతుక్కునే స్టూడెంట్స్‌కి

మీ సంగతి వేరు, పై నాలుగూ మీకు పాతవి. పీడీజీఎఫ్ (కణాల్ని పెరగమనే ఇంకో సిగ్నల్) దారి చూడండి, క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మాత్రగా ఇస్తే 2013 ట్రయల్‌లో నడక 32 మీటర్లు పెరిగింది, కానీ రక్తం పల్చబడే మందులు కూడా వాడుతున్న కొందరిలో మెదడు పొర కింద రక్తం చేరింది, అక్కడితో ఆగిపోయింది. దారి తప్పు కాదు, మందు ఒళ్ళంతా తిరగడమే తప్పు, అందుకే తర్వాత అదే దారిలో పీల్చే సెరాల్యూటినిబ్ వైపు వెళ్ళారు. సెరోటోనిన్ దారికి మాత్రం నేను దూరంగా ఉంటా. 1960ల్లో అమినోరెక్స్ అనే బరువు తగ్గే మందు వల్ల యూరప్‌లో ఈ జబ్బు విజృంభించింది కాబట్టి కాగితం మీద కథ బలంగా ఉంటుంది, కానీ సెరోటోనిన్ తయారీని ఆపే మందు మనుషుల్లో వాడితే నాళాల నిరోధం తగ్గకపోగా పెరిగింది.

ఇక ఎలుకల్లో మోనోక్రోటలిన్ ఎక్కించి జబ్బు తెప్పించే మోడల్ ఒక్కదాన్నే నమ్ముకుని ప్రపోజల్ రాసుకురాకండి, ఆ ఎలుకలకి తగ్గని మందంటూ దాదాపు లేదు. పోయినసారి ఇలాగే ఒకమ్మాయి తెస్తే నేను అడిగిందొకటే, లోపలి పొర గీరేసిన రింగు మీద నీ మందు పనిచేస్తుందా? వారం తర్వాత గీతల కాగితంతో వచ్చింది, పనిచేయలేదు.